"పంపవచ్చు" అంటే పంపుతుందా, పంపదా?

"కనెక్షన్ మధ్యలో సర్వర్ పింగ్ పంపవచ్చు."

చాట్ ప్రోటోకాల్‌ను, అంటే క్లయింట్, సర్వర్ మాట్లాడుకునే నియమాలను, తెలుగులో వివరించే చోట ఈ వాక్యం ఉందనుకోండి. పింగ్ అంటే "ఇంకా ఉన్నావా" అని అడిగే చిన్న సందేశం. చదవడానికి హాయిగా ఉన్న వాక్యం. వ్యాకరణంలో తప్పులేదు, మాటలన్నీ తెలిసినవే. దీన్ని పట్టుకుని ఇద్దరు చెరో చాట్ క్లయింట్ రాశారనుకోండి. మొదటివారికి ఇది "మీరిక వెళ్లవచ్చు"లో ఉన్న వచ్చు. సర్వర్‌కు ఆ హక్కుంది, కాబట్టి ఎప్పుడొచ్చినా జవాబివ్వడానికి కోడ్ సిద్ధంగా ఉండాలి అనుకుంటారు. రెండోవారికి ఇది "సాయంత్రం వాన రావచ్చు"లో ఉన్న వచ్చు. ఆ వచ్చును ఎంతవరకు నమ్మాలో అనంతపురం వాళ్లకు ఒకరు చెప్పాలా? వస్తే చూద్దాంలే అని ఆ పని పక్కన పెడతారు. క్లయింట్ నడిపిస్తారు, ఛానెల్లో చేరతారు, నాలుగు మాటలు పంపుతారు, అంతా బాగుంటుంది. ఒకటి రెండు నిమిషాలకు సర్వర్ పింగ్ పంపుతుంది. జవాబు రాదు. ఇంకాసేపు చూసి "పింగ్ టైమవుట్" అని చెప్పి కనెక్షన్ తెంచేస్తుంది. రాసినవారు నెట్ బాగాలేదనుకుని రూటర్ ఆపి మళ్లీ వేస్తారు.

తప్పు రూటర్‌ది కాదు, కోడ్ రాసినవారిదీ కాదు. వచ్చు అనే ప్రత్యయానిది. సాంకేతిక విషయాలు తెలుగులో రాయాలనగానే అందరూ నామవాచకాల మీద పడతారు. సర్వర్‌ను ఏమనాలి, ప్రోటోకాల్‌ను ఏమనాలి అని నెలల తరబడి చర్చ నడుస్తుంది. చాట్ ప్రోటోకాల్ డాక్యుమెంటేషన్ వరకు నేను చెప్పేది ఒకటే: నామవాచకాలతో మనకు ఇబ్బంది లేదు. చిక్కంతా క్రియలో, కర్తలో, బైట్లలో ఉంది.

నామవాచకాల సంగతి ముందు తేల్చేద్దాం. ఛానెల్‌ను కాలువ అనమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కర్నూలు నుంచి కడప దాకా పారే అసలైన కాలువనే మనం కేసీ కెనాల్ అంటున్నాం. నీళ్లు పారేది కెనాల్ అయితే మాటలు పారేది కాలువ ఎలా అవుతుంది? సర్వర్, క్లయింట్, ఛానెల్, నిక్, టోకెన్, బైట్ అని రాస్తే కర్నూలు ఇంజినీరింగ్ విద్యార్థికీ తెలుసు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో మొదటి ఏడాది పిల్లలకూ తెలుసు. వాటిని అలాగే ఉంచాలి. ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లు కూడా పలికే తీరులోనే రాస్తున్నాను. వైరు మీద అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే వెళ్తాయి, అవి ఎన్నటికీ అనువదించే సరుకు కావు.

ఉదాహరణకు ఐఆర్‌సీనే తీసుకుంటున్నాను. 1988 ఆగస్టులో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ మొదలుపెట్టిన చాట్ పద్ధతి (ఇంటర్నెట్ రిలే చాట్) ఇది. 1993 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1459గా దాని వివరణ వచ్చింది (ఇంటర్నెట్ పద్ధతుల్ని వివరించే, అంకెలు వేసిన పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు). 2000 ఏప్రిల్‌లో 2810 నుంచి 2813 దాకా నాలుగు ఆర్‌ఎఫ్‌సీలు వచ్చాయి. పాతదే, కానీ నేర్చుకోవడానికి దీన్ని మించింది లేదు. ప్రతి సందేశం ఒక పంక్తి, ప్రతి పంక్తీ మామూలు అక్షరాలు. లైబ్రరీ ఏదీ లేకుండా చేత్తో టైపు చేసి సర్వర్‌తో మాట్లాడవచ్చు (ఈ వచ్చు అనుమతి వచ్చు!). ఎక్స్‌ఎంపీపీ అయితే ఎక్స్‌ఎంఎల్ మూటలు విప్పుకోవాలి. అది ఇంకో చాట్ ప్రోటోకాల్, రెండో ఏడాది పని.

ఇక క్రియలు. ఇంటర్నెట్ ప్రమాణపత్రాల్లో బాధ్యత ఎంత గట్టిదో చెప్పే మాటలకు 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అర్థాలు నిర్ణయించింది. మస్ట్ అంటే చేసి తీరాల్సిందే. షుడ్ అంటే చేయాల్సిందే కానీ గట్టి కారణముంటే, పర్యవసానం తెలిసి మానుకునే వీలుంది. మే అంటే చేసేవారి ఇష్టం. చిన్న అక్షరాల్లో రాసిన షుడ్‌కు ఇదే బరువుందా అని తర్వాత వాదనలు వస్తే, 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 ఆ సంగతి తేల్చింది: పెద్ద అక్షరాల్లో ఉంటేనే ఈ ప్రత్యేకార్థం, లేకపోతే మామూలు ఇంగ్లీషు.

మనకు పెద్ద అక్షరాలే లేవు. ఆ దారి మొదట్లోనే మూసుకుపోయింది. పైగా "పంపాలి" అన్న ఒక్క మాట మస్ట్‌కూ షుడ్‌కూ రెంటికీ సరిపోతుంది. "అన్నం తిన్నాక చేయి కడుక్కోవాలి", "పొద్దున్నే లేవాలి" రెండిట్లోనూ "ఆలి" ఒకటే, గట్టిదనం వేరు. వినేవాడు సందర్భం చూసి పోల్చుకుంటాడు. ప్రోటోకాల్‌కు సందర్భం చూసే తీరిక ఉండదు.

అందుకని మాటల్నే ఖాయం చేసుకోవాలి. నాకు పనికొచ్చేవిగా తోచినవి ఇవి. మస్ట్‌కు "పంపి తీరాలి". తెలుగులో ఇంతకంటే గట్టి మాట లేదు, దీన్ని ఎవరూ సలహాగా చదవరు. మస్ట్ నాట్‌కు "పంపరాదు". బస్టాండు గోడ మీద బోర్డుల పుణ్యమా అని ఆ రాదుకు ఎంత బరువుందో అందరికీ తెలుసు (పాటించడం వేరే సంగతి). షుడ్‌కు "పంపడం మేలు", అయితే ఆ మేలు ఒంటరిగా నిలబడకూడదు, "ఎందుకంటే" అన్న వాక్యం వెంటనే రావాలి. కారణం చెప్పని మేలు పెద్దలు చేసే హితబోధలా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మే అన్నదానికి "పంపినా సరే, మానినా సరే". కొంచెం పొడుగైనా ఇందులో ఒక లాభం ఉంది. ఒకరికి రెండూ సరే అయితే అవతలివారు రెంటికీ సిద్ధంగా ఉండి తీరాలన్న సంగతి ఆ మాటల్లోనే పలుకుతుంది. ఇంగ్లీషు మే చదివి ఇది గ్రహించేవాళ్లు తక్కువ.

వచ్చు అనేదాన్ని నియమాల్లో వాడకుండా ఉంటే సరి. వివరణల్లో, ఉదాహరణల్లో ఉన్నా నష్టం లేదు.

క్రియ తర్వాత కర్త. "సమాధానం పంపబడును" అని రాస్తే ఎవరు పంపుతారు? తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా నడుస్తుంది. ఇంట్లో "తిన్నారా?" అంటే చాలు. ప్రోటోకాల్ రాతలో మాత్రం కర్త ఎగిరిపోతే ప్రతి వాక్యానికీ రెండర్థాలు, ఎందుకంటే వైరుకు రెండు కొసలు. బడు ప్రయోగం తీసేసి ప్రతి నియమాన్నీ "క్లయింట్" అనో "సర్వర్" అనో మొదలుపెడితే సగం సందేహాలు పోతాయి. చదవడానికి విసుగ్గా ఉంటుందంటారా? ఉంటుంది. రైల్వే టైంటేబుల్ కూడా విసుగే.

పైన చెప్పిన పింగ్‌నే ఈ పద్ధతిలో రాస్తే ఇలా వస్తుంది:

పింగ్
ఎవరు ఎవరికి: సర్వర్, క్లయింట్‌కు.
ఎప్పుడు: నమోదు పూర్తికాకముందు, అయ్యాక, ఎప్పుడైనా.
వైరు మీద: పింగ్ :7గ4క91
క్లయింట్ చేయాల్సింది: వచ్చిన టోకెన్‌ను ఒక్క బైటు కూడా మార్చకుండా పాంగ్‌తో తిప్పి పంపి తీరాలి. పాంగ్ :7గ4క91
పంపకపోతే: నమోదుకు ముందైతే స్వాగతం చెప్పే 001 రాదు, కనెక్షన్ అలాగే వేలాడుతుంది. తర్వాతైతే టైమవుట్.
తరచు జరిగే తప్పులు: టోకెన్‌కు బదులు సర్వర్ పేరు పంపడం. 001 వచ్చేదాకా పింగ్‌లను పట్టించుకోకపోవడం. టోకెన్ ముందు కోలన్ వదిలేయడం వల్ల ఖాళీలున్న టోకెన్ ముక్కలవడం.

ఇందులో ముఖ్యమైనవి చివరి రెండు వరుసలు. నమోదుకు ముందే పింగ్ పంపి, జవాబొచ్చాకే లోపలికి రానిచ్చే సర్వర్లున్నాయి. నకిలీ కనెక్షన్లను ఏరేయడానికి అలా చేస్తాయి. 001 కోసం ఎదురుచూసే క్లయింట్, పాంగ్ కోసం ఎదురుచూసే సర్వర్, రెండూ మొహమొహాలు చూసుకుంటూ కూర్చుంటాయి. "పంపకపోతే" అన్న వరుస లేని డాక్యుమెంటేషన్‌తో ఇది కనిపెట్టడం ఒక రాత్రి పని.

నమోదు వరస కూడా బొమ్మ గీసినట్టు చూపాలి, వర్ణించకూడదు. పాస్‌వర్డుతో లోపలికెళ్లే వరస ఇది (క్యాప్ అంటే సర్వర్ వసతుల గురించి మాట్లాడే ఆదేశం, ఎస్‌ఏఎస్‌ఎల్ అంటే పాస్‌వర్డుతో గుర్తింపు చూపే పద్ధతి, బేస్64 అంటే బైట్లను మామూలు అక్షరాలుగా రాసే తీరు, 903 అంటే గుర్తింపు కుదిరిందన్న జవాబు):

క్లయింట్: క్యాప్ ఎల్‌ఎస్ 302
క్లయింట్: నిక్ ఓబులేసు
క్లయింట్: యూజర్ ఓబులేసు 0 * :ఓబులేసు, కడప
సర్వర్: క్యాప్ * ఎల్‌ఎస్ :ఎస్‌ఏఎస్‌ఎల్ సర్వర్-టైమ్
క్లయింట్: క్యాప్ రెక్ :ఎస్‌ఏఎస్‌ఎల్
సర్వర్: క్యాప్ ఓబులేసు యాక్ :ఎస్‌ఏఎస్‌ఎల్
క్లయింట్: ఆథెంటికేట్ ప్లెయిన్
సర్వర్: ఆథెంటికేట్ +
క్లయింట్: ఆథెంటికేట్, దాని వెంట బేస్64లో గుర్తింపు
సర్వర్: 903
క్లయింట్: క్యాప్ ఎండ్
సర్వర్: 001

తొందరపడి 903 రాకముందే క్యాప్ ఎండ్ పంపితే గుర్తింపు మధ్యలోనే ఆగి నమోదు ముగుస్తుంది. లోపలికి వెళ్తారు, కానీ పరిచయం లేని మనిషిలా వెళ్తారు. గుర్తింపు ముక్కలో మూడు భాగాలుంటాయి: ఎవరి తరఫున, ఎవరు, పాస్‌వర్డు. మధ్యమధ్యలో విలువ సున్నా అయిన బైటు ఒక్కొక్కటి. మొదటిది మామూలుగా ఖాళీ. ఈ ముక్కను టెర్మినల్లో ఎకోతో తయారుచేసేవాళ్లకు 904 (గుర్తింపు కుదరలేదన్న జవాబు) తప్పదు, ఎందుకంటే ఎకో చివర ఒక కొత్త పంక్తి గుర్తును చేరుస్తుంది, అది పాస్‌వర్డులో చివరి అక్షరమై కూర్చుంటుంది. ప్రింట్‌ఎఫ్ వాడితే ఆ బాధ లేదు. బేస్64 ముక్క 400 బైట్లు దాటితే నాలుగు వందల చొప్పున విడగొట్టి పంపి తీరాలి. చివరి ముక్క సరిగ్గా 400 అయితే ఆ తర్వాత ఒట్టి ప్లస్ గుర్తు పంపి తీరాలి, లేకపోతే సర్వర్ ఇంకా వస్తుందనుకుని చూస్తూనే ఉంటుంది.

ఇంతవరకు చెప్పినవి ఏ భాషవాళ్లకైనా వర్తించేవే. తెలుగు లాంటి లిపుల్లో పంపేవాళ్లకు ఎదురయ్యే ముళ్లు వేరే ఉన్నాయి. తెలుగు డాక్యుమెంటేషన్ ఎందుకు, ఇంగ్లీషుది చదువుకుంటే పోలేదా అనేవాళ్లకు నా జవాబు కూడా అదే: ఇంగ్లీషు దాంట్లో ఇవి ఉండవు. రాసినవాళ్లకు ఆ అవసరం పడలేదు.

ఐఆర్‌సీలో ఒక పంక్తికి 512 బైట్లు హద్దు. చివరి రెండు బైట్లు పంక్తి ముగింపు గుర్తులు, మిగిలినవి 510. ఇంగ్లీషులో రాసేవాడికి బైటంటే అక్షరం, కాబట్టి లెక్క అక్కడితో అయిపోతుంది. తెలుగుకు యూనికోడ్‌లో కేటాయించిన 128 స్థానాల్లో ప్రతిదీ యూటీఎఫ్-8లో (యూనికోడ్ సంకేతాల్ని బైట్లుగా రాసే పద్ధతిలో) మూడు బైట్లు. అంటే అచ్చుకు మూడు, హల్లుకు మూడు, గుణింతానికి మూడు, పొల్లుకు మూడు. "కడప" తొమ్మిది బైట్లు. "కర్నూలు" అంటే క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం, మొత్తం ఏడు సంకేతాలు, 21 బైట్లు. "అనంతపురం" 24. "అనంతపురం బస్సు కర్నూలు దాటింది" అన్న చిన్న కబురు ఖాళీలతో కలిపి 84 బైట్లు. అదే ఇంగ్లీషు లిపిలో రాస్తే 35 లోపే.

510లో అంతా మీ మాటలకే దక్కుతుందనుకుంటే పొరపాటు. మీరు పంపిన పంక్తిని సర్వర్ మిగతావాళ్లకు పంపేటప్పుడు దాని ముందు మీ చిరునామా తగిలిస్తుంది: కోలన్, నిక్, ఆశ్చర్యార్థకం, యూజర్ పేరు, అట్ గుర్తు, హోస్టు పేరు, ఖాళీ. 512 హద్దు ఆ తగిలించినదానికీ కలిపే. నిక్ 7, యూజర్ పేరు 8, హోస్టు పేరు 63 అనుకుంటే గుర్తులతో కలిపి 82 బైట్లు పోయాయి. ప్రివ్‌ఎంఎస్‌జీ అనే సందేశం పంపే ఆదేశానికి, ఏడు బైట్ల ఛానెల్ పేరుకు, మధ్య ఖాళీలకు, కోలన్‌కు 17. ముగింపుకు 2. మొత్తం 101. మిగిలింది 411, అంటే సరిగ్గా 137 తెలుగు సంకేతాలు. మాటకు ఏడు సంకేతాలు, ఒక ఖాళీ చొప్పున వేసుకుంటే పద్దెనిమిది మాటలు. మన వాళ్లు పలకరింపుకే అన్ని వాడతారు.

హద్దు దాటితే చాలా సర్వర్లు తప్పని చెప్పవు, చివర కోసేస్తాయి. పంపినవారి తెరమీద పూర్తి వాక్యం ఉంటుంది, చదివేవారి తెరమీద తోక ఉండదు. క్లయింట్ తాను పంపినదాన్ని తానే చూపించుకుంటుంది కాబట్టి పంపినవారికి అనుమానం కూడా రాదు. "రేపు రావద్దు" అన్నది "రేపు రా" దగ్గర తెగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కోత ఎక్కడ పడుతుందన్నది ఇంకో రభస. "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని దగ్గర పెట్టుకుని చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. పదహారో బైటు తర్వాత కోస్తే ఈత్వం మూడింట ఒక వంతే మిగులుతుంది. అది చెల్లని యూటీఎఫ్-8. కొన్ని క్లయింట్లు అక్కడ ప్రశ్నార్థకం పొదిగిన నల్ల డైమండ్ చూపుతాయి, కొన్ని పంక్తి మొత్తాన్నీ పాత ఎన్‌కోడింగ్ అనుకుని చెత్తగా మార్చేస్తాయి. పన్నెండో బైటు దగ్గర కోస్తే యూటీఎఫ్-8 నియమాల ప్రకారం అంతా సవ్యమే, కానీ తెరమీద "స్త్" మిగులుతుంది. ఆ తర్వాతి పంక్తి "రీ"తో మొదలవుతుంది. కంప్యూటర్‌కు తప్పు కనబడదు, చదివేవారికి తప్పు తప్ప ఇంకేమీ కనబడదు.

కాబట్టి కోసే పని సర్వర్‌కు వదలకుండా క్లయింటే ముందుగా విడగొట్టి తీరాలి. బైట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, హద్దుకు ముందున్న చివరి ఖాళీ దగ్గర తెంపడం మేలు, ఎందుకంటే మాట ముక్కలు కాదు. ఖాళీ దొరకనంత పొడుగు మాటైతే గ్రాఫీమ్ (కంటికి ఒక్క అక్షరంగా కనబడేది) సరిహద్దు దగ్గర తెంపాలి. ఇక్కడా ఒక మడత పేచీ ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 దాకా గ్రాఫీమ్ నియమాలకు మన సంయుక్తాక్షరం తెలియదు. పాత లైబ్రరీ "స్త్రీ"ని స్, త్, రీ అని మూడుగా లెక్కపెడుతుంది. కొత్త నియమంలో ఒత్తు కలిపే పొల్లు దగ్గర విరగదు. మీరు వాడే లైబ్రరీ ఏ యూనికోడ్ వెర్షన్‌దో డాక్యుమెంటేషన్లో ఒక మాట రాసి పెట్టాలి.

విడగొట్టాక ఇంకో చిక్కు ఎదురుచూస్తుంటుంది. ఆర్‌ఎఫ్‌సీ 1459 చెప్పిన వరద నియంత్రణ ప్రకారం ప్రతి సందేశానికీ క్లయింట్ గడియారం మీద రెండు సెకన్ల జరిమానా. ఆ గడియారం అసలు సమయం కంటే పది సెకన్లు ముందుకెళ్తే సర్వర్ చదవడం ఆపుతుంది. అంటే గబగబా అయిదు పంక్తులు, ఆపైన రెండు సెకన్లకొకటి. ఇంగ్లీషులో రెండు పంక్తుల్లో సరిపోయే పేరా తెలుగులో అయిదారవుతుంది, ఆరోది ఉంటే ఆగుతుంది. జరిమానా మనకు రెండున్నర, మూడింతలు పడుతున్నట్టే. సర్వర్లు ఈ అంకెల్ని తమకు తోచినట్టు మార్చుకుంటాయి కానీ పద్ధతి ఇదే. క్లయింట్లో పంపే వరుస ఒకటి పెట్టుకుని రెండు సెకన్లకొకటి వదలడం మేలు, ఎందుకంటే వరద ఎక్కువైతే సర్వర్ బయటికి నెడుతుంది.

పేర్ల దగ్గరికి వద్దాం. మైదుకూరు వాళ్లు తమ ఊరి పేరుతో తెలుగులోనే ఛానెల్ పెట్టారనుకోండి. చాలా సర్వర్లు ఛానెల్ పేరులో యూటీఎఫ్-8ను రానిస్తాయి, ఖాళీ, కామా, గంట గుర్తు లేకుంటే చాలు. ఇందులో "మై"కి ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాసే వీలుంది: ఐత్వానికి ఒకే సంకేతం, లేదా ఎత్వం, దాని వెంట ఐత్వపు కింది గుర్తు. తెరమీద అణువంత తేడా ఉండదు. బైట్లలో ఒకటి మూడు, ఇంకొకటి ఆరు. సర్వర్ చూసేది బైట్లనే కాబట్టి అవి రెండు వేర్వేరు ఛానెళ్లు. ఒకరు ఒకదాంట్లో, ఇంకొకరు రెండోదాంట్లో, ఇద్దరూ "ఎవరూ లేరే" అనుకుంటూ ఉంటారు. జాయిన్ పంపేముందు క్లయింట్ పేరును ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి మార్చి తీరాలి, అప్పుడు రెండూ ఒకటవుతాయి.

ఎన్‌ఎఫ్‌సీకి లొంగనిది ఇంకొకటుంది. "సర్వర్‌లో" అని రాసేటప్పుడు ర్ కింద లో ఒత్తు కలవకుండా మధ్యలో కనబడని సంకేతం ఒకటి పెడతాం. దానికీ మూడు బైట్లు. కొన్ని కీబోర్డులు దాన్ని అడక్కుండానే చేరుస్తాయి, మాట చివర మిగిలిపోయినా కంటికి ఆనదు. ఛానెల్ పేరు చివర అది అంటుకుంటే మళ్లీ అదే కథ. పేరు చివర్లో దాన్ని కత్తిరించడం మేలు, మధ్యలో మాత్రం ముట్టుకోరాదు, ముట్టుకుంటే మాట రూపమే మారిపోతుంది.

ఇంత గొడవ చూసి ప్రోటోకాల్ భాషలకు అతీతమైందని, మనమే ఏదో కొత్తగా ఇరికిస్తున్నామని అనుకోనక్కర్లేదు. ఆర్‌ఎఫ్‌సీ 1459 తెరిచి చూడండి. నిక్కులు పోల్చేటప్పుడు చదరపు బ్రాకెట్లకు మీసాల బ్రాకెట్లు చిన్న అక్షరాలని, వెనక్కి వాలిన గీతకు నిలువు గీత చిన్న అక్షరమని రాసుంటుంది. దాని స్కాండినేవియా పుట్టుకే దానికి కారణమని అక్కడే ఉంది. ఫిన్లాండు, స్వీడన్ ఏడు బిట్ల అక్షర పట్టికల్లో ఆ గుర్తుల చోట వాళ్ల చుక్కల అక్షరాలుండేవి. అప్పటి తెరలు పోయాయి, పట్టికలు పోయాయి, కానీ ఈ నాటికీ కొన్ని సర్వర్లలో చదరపు బ్రాకెట్ ఉన్న నిక్కూ మీసాల బ్రాకెట్ ఉన్న నిక్కూ ఒకటే మనిషి. ప్రోటోకాల్ కట్టినవాళ్ల ఊరి అక్షరాలు అందులోకి వెళ్లాయి. మన అక్షరాల సంగతి కనీసం డాక్యుమెంటేషన్లోకైనా వెళ్లాలి.

ప్రమాణపత్రం ఒకటి చెప్పి సర్వర్లు ఇంకొకటి చేసే చోట్లు చాలా ఉన్నాయి. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2812 ప్రకారం 005 అంటే "ఇక్కడ చోటు లేదు, ఫలానా సర్వర్‌కు వెళ్లు" అని. నడుస్తున్న సర్వర్లు పంపే 005కు అర్థం అది కాదు, అది తమ హద్దులూ వసతులూ చెప్పే జాబితా: నిక్కు ఎంత పొడుగు, ఛానెల్ పేరు ఎంత పొడుగు, పేర్లు పోల్చే పద్ధతి ఏది, యూటీఎఫ్-8 మాత్రమేనా. ఆర్‌ఎఫ్‌సీని అక్షరాలా నమ్మి రాసిన క్లయింట్, స్వాగతం పలికిన గడప దగ్గరే వెనక్కి తిరుగుతుంది. అసలు 1459 పైన "ప్రయోగాత్మకం" అని, 2812 పైన "సమాచారం కోసం" అని రాసుంటుంది. రెండూ పూర్తిస్థాయి ప్రమాణాలు కావు, ఆ ముక్క చదవకుండా లోపలికి వెళ్తాం.

దీనికి మందు ఏమిటో కడపవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1820లో ఆ ఊరికి వచ్చిన బ్రౌన్ దొర పండితుల్ని కూర్చోబెట్టి ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ పోల్పించి పాఠం తేల్పించాడు. ఏదో ఒక ప్రతిని ఎత్తి రాసుకోలేదు. ప్రోటోకాల్ రాసేవారు చేయాల్సిందీ అంతే. రెండు మూడు రకాల సర్వర్ సాఫ్ట్‌వేర్లు తమ యంత్రంలోనే పెట్టుకుని, ఒకే పంక్తిని అన్నిటికీ పంపి, వచ్చిన జవాబులు పక్కపక్కన రాసుకోవాలి. ఆర్‌ఎఫ్‌సీ పాఠం ఒకటి, సర్వర్ పాఠం ఒకటి, తేడా ఉంటే రెండూ చూపాలి.

433 అన్న అంకె గురించి ఎక్కడ చూసినా "నిక్ వాడుకలో ఉంది" అన్న మూడు మాటలే ఉంటాయి. చదివినవారు వేరేవాళ్లెవరో ఆ పేరు పెట్టుకున్నారనుకుంటారు. ఎక్కువసార్లు ఆ వేరేవాళ్లు మీరే. అనంతపురం నుంచి కర్నూలు వెళ్లే బస్సులో గుత్తికీ డోన్‌కూ మధ్య సిగ్నల్ పోయి వచ్చిందనుకోండి, ఫోనుకు కొత్త ఐపీ చిరునామా దొరికింది. పాత టీసీపీ కనెక్షన్ చచ్చింది, ఆ చావు కబురు సర్వర్‌కు అందలేదు. పింగ్ టైమవుట్ అయ్యేదాకా మీ పాత నీడ మీ పేరు పట్టుకుని ఛానెల్లోనే కూర్చుంటుంది. క్లయింట్ నిక్కు చివర ఒక గీత చేర్చి లోపలికి వెళ్లి, కాసేపాగి అసలు పేరు మళ్లీ అడగడం మేలు. నమోదులో ఉండగా వచ్చే 433లో మీ పేరుండే చోట నక్షత్రం గుర్తుంటుంది, అప్పటికి మీకు పేరే లేదు కాబట్టి. అక్కడ తమ నిక్ కోసం వెతికే పార్సర్లు (పంక్తిని విడదీసి చదివే కోడ్) కూలిపోతాయి.

కరెంటు పోయి వచ్చినప్పుడు హాస్టల్లో ఉన్న క్లయింట్లన్నీ ఒకేసారి తలుపు తడతాయి. సర్వర్ ఒకే చిరునామా నుంచి వచ్చే ఆ తాకిడిని దాడి అనుకుని తలుపు వేస్తుంది. మళ్లీ కలిసే ప్రయత్నాల మధ్య ఎడం 2, 4, 8, 16 సెకన్లుగా పెంచుతూ అయిదు నిమిషాల దగ్గర ఆపి, ప్రతిసారీ కొంత యాదృచ్ఛిక తేడా కలపాలి. ఎడాన్ని మళ్లీ రెండుకు దించేది టీసీపీ కలిసినప్పుడు కాదు, 001 వచ్చి ఒక నిమిషం నిలబడ్డాక.

కోలన్ గురించి ఒక మాట. "ప్రివ్‌ఎంఎస్‌జీ #కడప ఏమన్నా కరెంటొచ్చిందా" అని కోలన్ లేకుండా పంపితే అవతలికి వెళ్లేది "ఏమన్నా" వరకే. ఖాళీలున్న చివరి భాగం ముందు కోలన్ ఉండి తీరాలి. ఖాళీల్లేని చివరి భాగానికి కోలన్ ఉన్నా సరే, లేకున్నా సరే, చదివేవాళ్లు రెంటినీ ఒకటిగా చూసి తీరాలి. పంక్తిలో కోలన్ దొరికిన చోటల్లా విరిచే పార్సర్ వెబ్ చిరునామా రాగానే బోర్లా పడుతుంది. వెతకాల్సింది ఖాళీ వెంటనే వచ్చే కోలన్‌ను. అలాగే సాకెట్ నుంచి ఒకసారి చదివితే ఒక పంక్తి వస్తుందన్న నమ్మకం వద్దు. ఒకటిన్నర రావచ్చు, మూడుంపావు రావచ్చు, తెలుగు అక్షరం మధ్యలో తెగి రావచ్చు (ఇవన్నీ వాన వచ్చులే). బైట్లను పోగుచేసి, పంక్తి ముగింపు కనబడ్డాకే యూటీఎఫ్-8గా విప్పాలి.

రాసిన ప్రతి ఉదాహరణనూ ప్రచురించేముందు చేత్తో పంపి చూడాలి. 6667 పోర్టుకైతే నెట్‌క్యాట్ చాలు. టీఎల్‌ఎస్ అనే గుప్తీకరణ ఉండే 6697కు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్-క్లయింట్ వాడతారు. దానికి సీఆర్‌ఎల్‌ఎఫ్ ఐచ్ఛికం ఇస్తే పంక్తి ముగింపులు సరిగా వెళ్తాయి. క్వయట్ ఐచ్ఛికం కూడా ఇచ్చి తీరాలి. అది లేకపోతే పంక్తి మొదట్లో పెద్ద క్యూ అక్షరం కనబడగానే ఆ పనిముట్టు దాన్ని తనకిచ్చిన ఆజ్ఞ అనుకుని, మీరు కొట్టిన క్విట్‌ను సర్వర్‌కు పంపకుండా తానే కనెక్షన్ మూసేస్తుంది. నిజానికి క్విట్ అందుకున్న సర్వర్ ఎర్రర్ అన్న పంక్తితో జవాబిచ్చి మరీ సాగనంపుతుంది. ఆ పంక్తి చూడనివారు "సర్వర్ జవాబేమీ ఇవ్వకుండా కనెక్షన్ తెంచవచ్చు" అని రాసేస్తారు.